గుండీలు లేని ఆరు అంగీలు

హనుమకొండ చౌరస్తాలోని ఓ టైలరింగ్ షాపులో ముప్ఫై ఏళ్లు కటింగ్ మాస్టరుగా చేసిన లియాఖత్ అలీని తాగుబోతని వెళ్లగొట్టారు. ఆయన జన్మలో ఒక్క చుక్క ముట్టినవాడు కాడు.

ఆ రోజు పెళ్లికొడుకు కోటు కొలతలు రాసుకుంటుంటే, బల్ల మీద ఆనించిన ఆయన ఎడమచెయ్యి గడగడ వణికింది. పెళ్లివారు మొహాలు చూసుకున్నారు.

“పొద్దుగాల్నే ఏసుకొచ్చినవా, మాస్టర్?” అన్నాడు యజమాని వెంకట్రాజం.

మూలన కాజాలు కుడుతున్న రాజమౌళి తలెత్తకుండానే, “నిన్న సుత గిట్లనే ఉండె, సేటు” అన్నాడు. అందరూ నవ్వారు. రేపట్నుంచి రావద్దన్నాడు సేటు. మాస్టరు టేపు మెడలోంచి తీసి, చుట్టచుట్టి, బల్ల మీద పెట్టి దిగిపోయాడు.

పదేళ్లుగా కాజాలూ గుండీలూ తప్ప కత్తెర చేతికి రాలేదని రాజమౌళికి కడుపుమంట. ఆ బల్ల అతనికి దక్కనూ లేదు. సేటు తన బావమరిదిని తెచ్చి కూర్చోబెట్టాడు.

రెండు నెలలకు తెలిసింది, అది తాగుడు వణుకు కాదు, పార్కిన్సన్స్ అనే నరాల జబ్బట. ముందుముందు గొంతు కూడా సన్నబడుతుందని దవాఖానలో చెప్పారట. ఆ గొంతు పోకముందే జరిగింది ఒప్పుకోవాలి, తిట్లయినా తినాలి అనుకున్నాడు రాజమౌళి.

మడికొండలోని ఇంటికి వెళ్లేసరికి లియాఖత్ చాప మీద బట్ట పరిచి కత్తిరిస్తున్నాడు.

“కూసో. గోలీ ఏసుకున్నంక రెండు గంటలు చెయ్యి నా మాట ఇంటది. గా టైముల్నే పని.”

పక్కన కుట్టి పెట్టిన ఆరూ ఆయన అంగీలే. ముందు పట్టీకి కాజాలు లేవు. బడి సంచులకుండే అతుక్కునే పట్టీ వేశాడు.

“గుండీలు పెట్టుకునుడు కష్టమైతదట. మా ఇంటామె రజియాకు సుత కీళ్ల నొప్పులాయె. ఇగో, ఇది వచ్చే ఏటిది. ఇది అటెన్క ఏటిది. అప్పటికి నడుం వంగుతది గదా, ఎనక పొడుగు పెంచిన, ముందు తగ్గించిన.”

ఎదుట నిలబడ్డ మనిషికి కొలత తీయడం రాజమౌళి రోజూ చూసేదే. ఇంకా రాని తనకు తానే కొలత తీసుకున్నవాణ్ణి ఎన్నడూ చూడలేదు.

“నీకు పని లేకుంట జేసిన గదరా!” అన్నాడు మాస్టరు. నవ్వు మాటలో ఉంది గానీ మొహం మీదికి రాలేదు.

రాజమౌళి చెప్పాలనుకున్నది వదిలేసి ఒక అంగీ చేతిలోకి తీసుకున్నాడు. “పట్టీ మీద ఉత్త గుండీలు కుడత, మాస్టర్. కాజాలు సుత. చూసేటోళ్లకు మామూలు అంగీ లెక్కనే ఉంటది.”

లియాఖత్ కత్తెర పక్కన పెట్టాడు. తర్వాత ఆరూ మడిచి సంచిలో పెట్టి ఇచ్చాడు.

రాజమౌళి పది రోజులు మధ్యాహ్నం తిండి మానేసి కుట్టాడు. అంగీలు తీసుకెళ్లి ముందు పెట్టి, తలవంచుకుని, “నువ్వు తాగవని నాకెరికే, మాస్టర్. ఎరికుండి గూడ గట్లన్న” అన్నాడు.

వాళ్లు కలవడం అదే చివరిసారి. ఆరింటిలో ఒక అంగీ ఇప్పటికీ రాజమౌళి దగ్గరే ఉంది. ఇచ్చిరావడానికి కాళ్లు సాగవు.

ఆ రోజు లియాఖత్ ఒక్కో గుండీని బొటనవేలితో తడిమి చూశాడు. గోలీ బలం తగ్గే వేళేమో, గొంతు సన్నబడింది, దగ్గరికి వంగి వినాల్సి వచ్చింది.

“సేటు మాట మర్షిపోయిన బేటా, నీది మర్వలే. మాఫ్ జేద్దామంటె దిల్ వస్తలేదు. కుట్టు మంచిగున్నది. మూడో ఏటి అంగీకే కింది గుండీ జర వంకరవొయింది, ఇప్పి మల్ల కుట్టు. అది తొడుక్కునేనాటికి నేను సదురుకోలేను.”