గొంతు దిక్కు చూడమన్న సిస్టరమ్మ

సిస్టరమ్మ ఇగ లేదన్న సంగతి భూపాలపల్లి దవాఖానల, నా భార్య మంచం పక్కన నిలబడి ఉన్నప్పుడే తెలిసింది. పొద్దుగాల డ్యూటీకి వస్తుంటే లారీ తగిలిందట. చెప్పిన ఆయమ్మ కొంగు నోట్లె కుక్కుకొని పోయింది. చేతిల ఉన్న దిండు ఎక్కడ పెట్టాల్నో తెల్వక నేను అట్లనే నిలబడ్డ. ఆ దిండు మనిషి వీపుకు ఎట్ల ఆనించాల్నో నాకు నేర్పింది ఆమెనే.

మాది కాటారం దిక్కు. పక్షవాతం వచ్చి నా భార్యకు కుడిపక్క పడిపోయింది. మాట పోయింది, మింగుడు గూడ పోయింది. ముక్కుల నుంచి గొట్టం ఏసి పాలు పోస్తున్నరు. డాక్టర్లు చానా చెప్పిండ్రు గని, నా మనసుల ఒక్కటే పడ్డది: మింగుడు తిరిగొస్తెనే మనిషి నాకు దక్కుతది.

మా దిక్కు ఒక మర్యాద ఉన్నది. దవాఖానకు చూడవచ్చిన చుట్టం, మంచంల ఉన్న మనిషి నోట్లె ఇంత పొయ్యకుండ పోడు. కొబ్బరినీళ్లో, పాయ సూపో, బత్తాయి రసమో. మా చిన్నాయనకు కాలు విరిగితే గూడ నోట్లెనే పోసిండ్రు. కాలుకు, నోటికి సంబంధమేందో నాకు ఇప్పటికీ తెల్వది. గదే మర్యాదతోని మా అక్క, నా భార్య నోట్లె కొబ్బరినీళ్లు పోసింది. అవి ఊపిరి దిక్కు పోయినయి. పెదవులు నల్లబడ్డయి, రొమ్ముల నిమ్ము చేరింది.

సిస్టరమ్మ అందర్ని ఎల్లగొడ్తదనుకున్న. ఎల్లగొట్టలే. ఆమెది మానుకోట దగ్గరి తండా. "మా తండాల గూడ గింతే బాపు. పొయ్యకుంటె పాణం ఒప్పది" అన్నది. తర్వాత చుట్టాలను గూడ వైద్యంల కలిపింది. తెల్ల కాయితం మీద నాలుగు గళ్లు గీసింది. ఇబ్బంది ఏంది, ఏం గావాలె, ఎవరు ఏం జెయ్యాలె, ఏమైంది. సర్కారు కాయితం ఇంగ్లీషులది వేరే ఉన్నది. గిది మా కోసం తెలుగుల రాసి గోడకు ప్లాస్టర్‌తోని అంటిచ్చింది. మా అక్కకు మడిమెలకు నూనె రాసే పని. కోడలుకు రెండు గంటలకోసారి పక్క తిప్పే పని. నా బామ్మర్ది మాజీ సర్పంచ్. ఆయనను తలుపు కాడ కూసోమన్నది, ఎవరు ఏం తెచ్చినా ఆపుమని.

"సర్పంచ్ జేసినోణ్ని, నన్ను వాచ్‌మెన్ జేస్తవా?" అన్నడాయన.

"చెరువు తూముకు కాపలా పెట్టలేదా సర్పంచ్ సాబ్? గొంతు గూడ గంతే. ఎప్పుడు పడితె అప్పుడు ఇడిస్తె ఎట్ల?"

ఆనాటి సంది ఆయన కుర్చీ ఇడువలే. కొబ్బరిబోండాలు మాత్రం ఆయనే తాగిండు.

బజ్జీల పొట్లాలు ఇప్పి చదువుకుంట అక్షరాలు పట్టుకున్నోణ్ని నేను. కాయితం కనపడితే ఊకోను. గోడ మీదిది ఎన్నిసార్లు చదివిన్నో. ఆఖరు గడి ఎందుకు ఖాళీగుంచినవని అడిగిన.

"అయినంకనే నింపాలె బాపు. ముందుగాలనే నింపితె అది కత. కతలు నువ్వు చెప్తవు గద!"

"అన్ని నీ నెత్తిలనే ఉన్నయి. రాసుడెందుకు మరి?"

"నేను రాకున్నా పని ఆగొద్దు."

"నువ్వెందుకు రావు?"

"మా తండాల తీజ్ పండుగొస్తది, పిల్లకు జెరమొస్తది. రోజులన్ని ఒక్కతీరుంటయా?"

నా భార్యను ముట్టేముందు సిస్టరమ్మకు ఒక అలవాటు. "అవ్వా, ఎడమపక్కకు తిప్పుతున్న, సరేనా?" అని అడిగి ఆగుతది. మాట రాని మనిషి ఏం జవాబిస్తదని నేను నవ్విన. "జవాబు రాకుంటె అడగొద్దా బాపు?" అన్నది. నా భార్య కండ్లు ఆమె వెంబడే తిరిగేటియి. నా వెంబడి ఎన్నడు అట్ల తిరగలే, నిజం చెప్తున్న.

లారీ తగిలిన రోజు చెయ్యాల్సిన పని ఒకటి, ఆమె డాక్టరును అడిగి ముందుగాలనే గోడ కాయితం మీద రాసిపెట్టింది: చెంచెడు చిక్కటి గంజి, దగ్గు రాకుండ. అంతకు ముందు రోజే నన్ను తయారు జేసింది. "నోరు చూడకు బాపు, గొంతు చూడు. నోరు అందరికి ఆడ్తది. గొంతు లేస్తెనే మింగినట్టు."

ఆ రోజు ఆమె జాగల కొత్త సిస్టర్ వచ్చింది. ఏడ్సి ఏడ్సి మొకం ఉబ్బింది. గోడ కాయితం చదివి, "ఇయ్యాల గంజి చూడాలె బాపు" అన్నది.

"ఇయ్యాల వద్దు బిడ్డా."

"అక్క రాసిపెట్టింది" అన్నది. మంచం దగ్గరికి ఒంగి, "అవ్వా, లేపి కూసోపెడుతున్న, సరేనా?" అని ఆగింది. అచ్చం గట్లనే ఆగింది. తలుపు కాడ బామ్మర్ది కండువల మొకం పెట్టుకున్నడు గని కుర్చీల నుంచి లేవలే.

గడ్డం కిందికి వంచి చెంచ పెట్టినం. గంజి నోట్లె ఉన్నది. గొంతు లేవలే. పెదవి మూల నుంచి కారింది. కొత్త సిస్టర్ తుడిచింది, పెన్ను జేబులోంచి తియ్యలే. "రేపు మళ్ల చూద్దం అవ్వా, సరేనా?"

సిస్టరమ్మ పోయిందని నా భార్యకు చెప్పలే. ఎట్ల చెప్పాలె? గిది రాసేనాటికి గూడ ఆ ఆఖరు గడి ఖాళీగనే ఉన్నది. రోజు ఆ యాళ్లకు చెంచ పెడ్తున్నం, అందరం ఊపిరి బిగవట్టి ఒక్క గొంతు దిక్కే చూస్తున్నం. నా భార్య మాత్రం తలుపు దిక్కు చూస్తున్నది.