గొట్టం పోచమ్మ

మా గుట్టలో ఆటం చెత్త పూడ్చబోతున్నారని మొదట చెప్పింది జీపు డ్రైవరు. డెబ్బైలలో సగం గడిచిన రోజులవి. వర్ధన్నపేట రోడ్డు దిగి మా పల్లెకు వచ్చే బండిబాటలో రెండు జీపులు, లారీ నిండా ఇనుప గొట్టాలు వచ్చాయి. జీపుల్లో వచ్చిన సర్వే సార్లు గుట్టెక్కి బోరు వేసి, లోపలి నుంచి గుండ్రటి రాతి ముక్కలు తీసి పెట్టెల్లో వరుసగా పేర్చుకునేవారు. ఊరివాళ్లతో మాట్లాడేవారు కాదు. డ్రైవరు మాత్రం మా అరుగు మీద చాయ్ తాగుతూ, ఆటం కరెంటు చేసే కార్ఖానాల్లో మిగిలే చెత్త వేల ఏళ్లు విషం కక్కుతుందని, దాన్ని పూడ్చడానికి గట్టి రాయి వెతుకుతున్నారని చెప్పాడు. ఇంకా ఏదీ ఖాయం కాలేదని కూడా అన్నాడు. ఆ చివరి మాట ఎవరూ చెవిన పెట్టలేదు.

అప్పుడు నాకు పదేళ్లు. మాకూ, మా బాపుకు అన్న అయిన పెద్దబాపుకూ ఒకటే వాకిలి, నడుమ ఒక్క గోడ. పెద్దబాపుకు పిల్లలు లేరు. మా అవ్వకు మేం ఐదుగురు పిల్లలం, పైగా పొద్దంతా పొలం పని. అందుకని పెద్దమ్మ నన్ను తీసేసుకుంది, ఎవరినీ అడగకుండానే. నా తల దువ్వేది ఆమె, అన్నం పెట్టేది ఆమె, బడికి తరిమేది ఆమె. మా అవ్వ దానికి నొచ్చుకున్నట్టు నాకెన్నడూ కనిపించలేదు. ఒక నోరు తగ్గిందనుకుందేమో.

ఊరంతా భయపడుతుంటే పెద్దమ్మకు కోపమొచ్చింది. సార్లు ఒక బోరులో గొట్టం దించి, మూత బిగించి, ఇంకోటి వేయడానికి గుట్ట అవతలికి పోయారు. ఆ గొట్టం నేల మీదికి మూరెడు నిలబడి ఉంది. ఒక మంగళవారం పొద్దున ఆమె నన్ను వెంటబెట్టుకుని గుట్టెక్కి, గొట్టానికి నిండా పసుపు పూసి, బొట్లు పెట్టి, ముందర మూడు రాళ్లు పేర్చి వేపమండ గుచ్చింది.

"ఎవలు పెద్దమ్మా ఈమె?" అన్నాను.

"పోచమ్మ."

"గొట్టం గదా."

"గొట్టమే. అండ్ల దేవత లేదని నీకూ నాకూ ఎరుక, సార్లకు ఎరుకనా? దేవత ఉన్న జాగను ఎవలన్న తొవ్వుతరా? నోరు మూస్కొని దండం పెట్టు."

నోరు మూసుకుని దండం పెట్టాను. వారం తిరిగేసరికి అక్కడ ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఎవరి పిల్లకో జ్వరం తగ్గింది, ఎవరి బర్రెనో సుఖంగా ఈనింది. శ్రావణంలో బోనాలే వచ్చాయి. "సూసినవా, నా గొట్టానికి ఎంత మహిమ అచ్చిందో" అని పెద్దమ్మ నా చెవిలో అని, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పెద్దబాపుకు మాత్రం నవ్వు రాలేదు. గుట్ట కింది ఇళ్లన్నీ లేపేస్తారని ఎవరో అన్నప్పటి నుంచి ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. పెద్దమ్మ అన్నదమ్ములు ఏటూరునాగారం దగ్గర అడవి అంచున వ్యవసాయం చేసుకుంటున్నారు. తన చెలక భూమిని ఇంకొకరికి అమ్మేసి, ఆయన అక్కడికి ప్రయాణం కట్టాడు.

"జర ఆగు. పోచమ్మ ఉన్నది గదా" అంది పెద్దమ్మ.

"నీ గొట్టమా?" అన్నాడాయన.

పెద్దమ్మ లేచి గిన్నెలు మూటగట్టింది. సామాను బండికెక్కాక ఆమె మా బాపు దగ్గరికి వచ్చి, "తమ్మీ, పిల్లను తోల్కపోత" అంది. బాపు నేల చూపులు చూస్తూ "బడి ఆగమైతది వదినె" అన్నాడు. నేను అప్పటికే బండి ఊచ పట్టుకుని ఉన్నాను. మా అవ్వ నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది. అవ్వను నేను చాలా వాటికి క్షమించాను గానీ దీనికి ఇంకా క్షమించలేదు.

నెల దాటకముందే సార్లు పెట్టెలు, లారీ, జీపులు అన్నీ సర్దుకుని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. పోచమ్మే తరిమిందని ఊరు సంబరపడింది. ఒక్క నెల ఆగి ఉంటే ఏం పోయేదని నేను గుట్టెక్కి ఆ గొట్టాన్ని పట్టుకుని ఏడ్చాను. పెద్దమ్మ వాళ్లకు ఇక్కడ భూమి పోయింది, అక్కడ పంట వేసుకుని ఉండిపోయారు. నేను రాసిన కార్డులు ఆమె మేనల్లుడితో చదివించుకునేది. జవాబు ఏడాదికి రెండుసార్లు వచ్చేది, రెండు వాక్యాలు. ఆమె గుర్తొచ్చినప్పుడల్లా నేను గుట్ట మీదికి పోయేదాన్ని. అందరూ నన్ను గొప్ప భక్తురాలనుకున్నారు. నాకు కావలసింది ఆమె చేయి తగిలిన పసుపు.

ఎనభైలలో, నేను ఇంటరు తప్పి ఇంట్లో కూర్చున్న ఏడు, వానలు లేక బావులు ఎండాయి. నీళ్లు తోడే గాలిమరలు నిలబెట్టే ఇంజనీరొకాయన పాత సర్వే కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఆ రోజుల్లో వేసిన బోరులో రాతి పగుళ్ల నుంచి నీళ్లు పడ్డాయట. నీళ్లున్న రాయిలో ఆ చెత్త పూడ్చకూడదట. "వాళ్లు పనికిరాదని వదిలేసిన బోరే మనకు పనికొస్తది. గుట్ట మీద గాలికి కొదవ లేదు. కరెంటు వద్దు, డీజిలు వద్దు" అన్నాడు. ఆయన చూపించింది మా గొట్టాన్నే.

ఊరు గుండెలు బాదుకుంది. పోచమ్మకు పూజచేసే కుమ్మరి తాత అందరినీ కూర్చోబెట్టి, "తల్లిని నిలవెట్టిన మనిషే అచ్చి లేపాలె. ఇంకొకలు ముట్టద్దు" అని తేల్చాడు. అది సార్లను ఆపడానికి పసుపు పూసిన ఉత్త గొట్టమని ఆ కూర్చున్న అందరిలో తెలిసింది నాకొక్కదానికే. ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. అంటే పెద్దమ్మను ఎవరు పిలుస్తారు? ఉత్తరం నేనే రాశాను. చెత్త భయం పోయిందనీ, నీళ్లు రాబోతున్నాయనీ, పెద్దబాపును తీసుకుని ఉండడానికే రమ్మనీ రాశాను. వాళ్ల భాగం ఇంటిని అలికి ఎర్ర జాజు పూసి ముగ్గులేశాను.

వారానికి పెద్దమ్మ బస్సు దిగింది, ఒక్కతే. జుట్టంతా నెరిసింది. "ఎంత పొడుగైనవే" అని నా చెంపలు పట్టుకుంది. పెద్దబాపు మంచం మీదనే ఉన్నాడట. గుట్ట మీద ఆమె గొట్టానికి నీళ్లు పోసి, ఏళ్ల తరబడి పేరుకున్న పసుపును కొబ్బరి చిప్పతో గీకింది. అడుగున తుప్పు, సార్లు వేసిన నంబరు బయటపడ్డాయి. మూడు రాళ్లలో ఒకటి తీసుకుపోయి వేపచెట్టు కింద పెట్టి, పసుపు రాసి, "తల్లీ, ఇక్కడ కూసో" అంది. దేవత ఒప్పుకోకపోతే బాగుండునని, తాతకు పూనకం వచ్చి ఈమె ఊళ్లోనే ఉండాలని చెబితే బాగుండునని నేను కోరుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. కుండలో అన్నం ఉడికేంత సేపు కూడా పట్టలేదు.

మర్నాడు బస్సు కోసం నిలబడ్డప్పుడు, నీళ్లు చూసి పొమ్మన్నాను.

"ఆయన ఒక్కడే ఉన్నడు బిడ్డా. ఎవలన్న లేవట్టాలె."

అప్పుడు దాచలేకపోయాను. "అది గొట్టమని నేను చెప్పలె పెద్దమ్మా. చెప్తె నిన్ను పిలువరని."

"నాకెరుకే" అంది. "అది గొట్టమని ఒక్క ముక్క రాపిచ్చి పంపితె నేను రాకుంటనే పని అయిపోతుండె. నేను సుత నోరు మూస్కొనే అచ్చిన."

బస్సు వచ్చింది. ఈసారి ఎవరూ నా వేళ్లు విడదీయనక్కర్లేకపోయింది, నేనే వదిలాను.

పదిహేను రోజులకు గాలిమర నిలబడింది. మొదట కిర్రుమంది, తర్వాత తిరిగింది, తొట్టిలో ఎర్రటి నీళ్లు పడ్డాయి, సాయంత్రానికి తేరుకున్నాయి. ఆడవాళ్లంతా బిందెలతో ఎగబడ్డారు. నేను చెంబెడు పట్టుకుని వేపచెట్టు కిందికి పోయాను. అది ఉత్త రాయని నాకు తెలుసు. దాని మీద ఆ నీళ్లు పోసి దండం పెట్టాను. ఈసారి నోరు మూసుకోలేదు. నలుగురూ వింటుండగానే అడిగాను, మా పెద్దమ్మను తోల్కరా తల్లీ అని.