సరోజ టీచర్ స్పోర్ట్స్ బైకు

నిన్న సాయంత్రం ఏ.ఎస్. రావు నగర్‌లో మా వీధిలోకి దోమల మందు కొట్టే బండి వచ్చింది. అందరూ కిటికీలు మూసుకుంటుంటే నేను బాల్కనీలోకి వెళ్ళి ఆ పొగ కాసేపు పీల్చాను. మా ఆవిడ వచ్చి "మీకేమైనా పట్టిందా?" అంది. దగ్గు ఆగాక, సరోజ టీచర్ గుర్తొచ్చారని చెప్పాను. టీచర్‌ని ఎరిగిన మనిషే కాబట్టి మరేమీ అడగలేదు.

మల్కాజ్‌గిరిలో నేను పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాక కొన్నాళ్ళూ అద్దెకున్న ఇల్లు సరోజ టీచర్‌ది. కింద ఆమె, పైన నేను. ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్ టీచర్‌గా పనిచేసి రిటైరయ్యారు. పొడుగ్గా, నిటారుగా ఉండేవారు. గొంతు వీధి చివరి కిరాణా కొట్టు దాకా వినపడేది. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగే ధైర్యం కాలనీలో ఎవరికీ లేదు. నేను తణుకు నుంచి వచ్చి ఒక కంపెనీలో లెక్కలు చూసుకునేవాణ్ణి. ఏ పనైనా పూర్తిగా తెలుసుకున్నాకే మొదలుపెట్టాలనేది నా సిద్ధాంతం. కాబట్టి ఏదీ మొదలుపెట్టేవాణ్ణి కాదు. మోటార్ సైకిళ్ళ వీడియోలు ఏళ్ళ తరబడి చూశాను. ప్రతి భాగం పేరూ తెలుసు. చేత్తో ఒక్క స్పానర్ పట్టింది లేదు.

ఒక ఆదివారం పొద్దున ట్రాలీ ఆటోలో తుప్పు కుప్పలాంటిదొకటి దిగింది. దగ్గరికెళ్ళి చూస్తే పాతకాలపు రెండు సిలిండర్ల స్పోర్ట్స్ బైకు. ఒకప్పుడు కుర్రాళ్ళు దాని ఫొటోలు గోడలకు అంటించుకునేవారు.

"ఇది బొల్లారంల ఉండే మా అన్నది" అన్నారు టీచర్. "వయసుల ఉన్నప్పుడు కొన్నడు. ఒక్క రౌండ్ ఇయ్యమని ఎన్నేండ్లు అడిగిన్నో. ఆడపిల్లకు గిది ఆగదన్నడు. ఇప్పుడేమో పాత సామాన్లు కొనేటోనికి తూకానికి ఇస్తుంటే నేను పట్టుకొచ్చిన. దసరాకు నీ ఇంటి ముంగటికి నడుపుకుంట వస్తా, లేకుంటే నువ్వే అమ్ముకో అని చెప్పిన."

"ఇంజన్ నడుస్తుందాండీ?"

"ఎలుకలు నడుస్తున్నయి లోపల."

ముందు దీని మాన్యువల్ ఎక్కడైనా దొరుకుతుందేమో చూద్దామన్నాను. "సూడు. సూసుకుంట గా బోల్టు ఇప్పు" అని స్పానర్ నా చేతిలో పెట్టారు. అది సరైన స్పానర్ కాదు. ఆ సంగతి ఇద్దరికీ బోల్టు అంచులు అరిగిపోయాక తెలిసింది.

పెన్షన్ డబ్బుల్లోనే పని కావాలని ఆమె పట్టుదల. కొత్త సామాను మాటెత్తనిచ్చేవారు కాదు. రాణీగంజ్ సందుల్లో పాత సామాన్ల కొట్లన్నీ నాతో తిరిగారు. బేరం కుదరకపోతే కొట్టువాణ్ణి "నీది ఏ స్కూలు?" అని అడిగేవారు. ఎందుకో వాళ్ళు వెంటనే దిగొచ్చేవారు. స్కూల్లో పారేసిన జిమ్ పరుపు కోసి సీటు కుట్టించారు. సైలెన్సర్ తుప్పుని చింతపండుతో తోమించారు. పెట్రోల్ ట్యాంకు లోపలి తుప్పు వదలాలంటే గులకరాళ్ళు పోసి ఊపాలని నేనే ఏదో వీడియోలో చూసి చెప్పాను. చెప్పినందుకు ఊపే పనీ నాకే పడింది. నేను ట్యాంకు ఎత్తి ఊపుతుంటే ఆమె కుర్చీలో కూర్చుని "ఏక్, దో, తీన్" అని లెక్క పెట్టారు. పక్కింటాయన గోడ మీంచి కాసేపు చూసి, ఇది ఏ నొప్పికి పనిచేస్తుందని అడిగాడు.

ఇంజన్ మొదటిసారి అంటుకున్న రోజు మాత్రం మర్చిపోలేను. ఆటస్థలాల్లో అరిగిపోయిన మోకాలితో ఆమె కిక్కు కొట్టలేరు, నేనే కొట్టాలి. ఆ బండికి పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. కొలత ఎక్కువైతే మంచిదేలెమ్మని ఆమె ఒకసారి పోశారు. ఆ సంగతి తెలియక నేనూ ఒకసారి పోశాను. బండి భళ్ళుమని లేచింది. వెంటనే మేం ఒకరికొకరం కనపడటం మానేశాం. వీధిలో కిటికీలు టపటపా మూసుకున్నాయి. పొగ తేలిపోయాక చూస్తే గేటు దగ్గర ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. "మా లైన్ల సుత దోమలు మస్తున్నయి, గటు ఎప్పుడొస్తరు?" అన్నాడు. "రేపు" అన్నారు టీచర్.

రోడ్డు మధ్యలో ఆగిపోతే కిక్కు కొట్టడానికి మనిషి కావాలి, ఆ మనిషికి బండి నడపడం కూడా రావాలి అని ఆమే తేల్చారు. ఉద్యోగమంతా గేర్ల స్కూటర్ మీదే తిరిగిన మనిషి, రైల్వే గ్రౌండ్‌లో విజిల్ పట్టుకుని నాకు నేర్పారు. గేర్లు లేని స్కూటర్ తప్ప ఎరగనివాణ్ణి. మొదటి రోజే, క్రికెట్ ఆడుతున్నవాళ్ళందరి ముందూ పడ్డాను. లేచి చుట్టూ చూశాను.

"ఎవరన్న చూసిన్రా అని చూస్తున్నవా?" అన్నారు టీచర్. "అందరూ చూసిన్రు. అయిపోయింది. ఇగ ఎక్కు."

దసరా రోజు పొద్దున్నే బయలుదేరాం. ముందు ఆమె, వెనక నేను, నా జేబులో అదనపు ప్లగ్గులు. లోతుకుంట దాటాం. ఖాళీ రోడ్డు మీద ఒక్కసారి యాక్సిలరేటర్ తిప్పారు. బండి ముందుకు దూకింది. గాలి హోరులో ఆమె నవ్వుతున్నారని భుజాలు చూస్తేనే తెలిసింది. అన్నగారి వీధి మలుపు తిరగగానే ఇంజన్ ఆగిపోయింది. అదృష్టం కొద్దీ అక్కడ రోడ్డు పల్లంగా ఉంది. చప్పుడు లేకుండా జారుకుంటూ వెళ్ళి సరిగ్గా గేటు ముందు ఆగాం. నేను దిగాను, ఆమె దిగలేదు.

అన్నగారు నర్సింగరావు లుంగీ కట్టుకుని వరండాలో పేపర్ చదువుతున్నారు. తలెత్తి చూశారు.

"ఆవాజ్ ఏది?"

"ఇంజన్ గంత మెత్తగ చేసిన" అన్నారు టీచర్.

ఆయన నవ్వలేదు. నెమ్మదిగా వచ్చి, వంగి, ట్యాంకు కింద చిన్న పెట్రోల్ నాబ్ తిప్పారు. "రిజర్వ్ అని ఒకటుంటది. నీకు తెల్వదా?"

"నువ్వెప్పుడన్న చెప్పినవా?"

 ఆయన తనే కిక్కు కొట్టారు. మూడోసారికి లేచింది. ఆ శబ్దం వింటూ హ్యాండిల్ మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయారు. తర్వాత చెల్లెలి వైపు చూడకుండా, "జెర ఇయ్యి సరోజా, ఒక్క రౌండ్ కొట్టొస్త" అన్నారు.

టీచర్ హ్యాండిల్ వదల్లేదు. ఇవ్వనంటారేమోనని నాకు భయం వేసింది. ఇచ్చేస్తారేమోనని అంతకన్నా భయం వేసింది. ఆమె సీటు మీద కొంచెం ముందుకు జరిగారు.

"ఎన్క కూసో."

ఆయన వీధిలో అటూ ఇటూ చూశారు. లుంగీ పైకి మడుచుకుని, చెల్లెలి భుజం పట్టుకుని ఎక్కారు. ఇద్దరూ వెళ్ళిపోయారు. నేను గేటు దగ్గర గంటసేపు నిలబడి, బస్సెక్కి ఇంటికొచ్చేశాను. సాయంత్రం ఆమె వచ్చి నన్నే తిట్టారు. "ఏడికి పోయినవ్? నువ్వు లేక బండి ఆగిన ప్రతిసారీ కిక్కు అన్నతోనే కొట్టిపిచ్చిన."

పోయిన ఏడాది టీచర్ కాలం చేశారు. బండి ఇప్పుడు నర్సింగరావు గారి దగ్గరే ఉంది. ఈమధ్య కలిస్తే, "నడుపుతున్న గానీ, ముంగట ఆమె లేకుంటే గా స్పీడే వస్తలేదు" అన్నారు. అని, కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

నేను ఇప్పుడు ఈత నేర్చుకుంటున్నాను. ఒక్క వీడియో కూడా చూడకుండా వెళ్ళి పేరు రాయించుకున్నాను. నలభై దాటిన వయసులో, గట్టు పట్టుకుని కాళ్ళు కొడుతుంటాను. నాతో నేర్చుకునే వాళ్ళలో పెద్దవాడు మూడో తరగతి. వాడు నాకు రోజూ ధైర్యం చెబుతున్నాడు. నీళ్ళు బాగా మింగుతున్నాను. రేపు లోతు వైపు దిగమన్నారు, దిగుతాను.