అంచు చదివే ఒబదయా

చేతిలో పెన్నీ పెడితే, జోళ్లు కుట్టే ఒబదయా బొమ్మ చూడడు, బరువు చూడడు. అంచు చదువుతాడు. అదీ గబుక్కున కాదు. నాణేన్ని నిదానంగా తిప్పుతూ, ఒక్కో అక్షరం గొంతెత్తి పలికి, ఎదుటివాళ్ల చేత కూడా పలికించిగానీ జోడు చేతికివ్వడు.

"ఒబదయా, పొయ్యి మీద గంజి మాడిపోతోంది. జోడిచ్చెయ్యవయ్యా!" అని మొత్తుకునేవాళ్లు మిల్లు ఆడవాళ్లు.

"మాడనీ. ముందు రెండో అక్షరమేదో చెప్పు."

రాజుగారి రాగి నాణేలు ఇంగ్లండులోని లాంకషైర్‌కు రావడం మానేశాక, నూలుమిల్లు యజమాని క్లెగ్ దొర తన మొహంతో సొంత పెన్నీలు కొట్టించాడు. కూలి వాటితోనే. అంచు మీద 'క్లెగ్ ఇంట చెల్లును' అని ఉంటుంది. పన్నెండు పట్టుకెళ్తే ఆయన ఒక వెండి షిల్లింగు ఇవ్వాలి. రొట్టెలవాడు మాత్రం వాటిని ముప్పావు విలువకే తీసుకునేవాడు. అందుకే సోమవారం సోమవారం ఒబదయా మిల్లువాళ్ల పెన్నీలన్నీ మూటగట్టి దొర వీధి గుమ్మం తట్టేవాడు.

"వెనక గుమ్మానికి పో!" అని నౌకరు కసిరాడొకసారి.

"అంచు మీద వెనక గుమ్మం అని ఉందా? ఏదీ, నువ్వే చదువు."

మిల్లులో వడికే అతని భార్య కెజియాకు తల కొట్టేసినట్టుండేది. "మూడేళ్లయింది. ఆ ఒక్క ముక్కా నీ నోటికి రాలేదేమయ్యా?"

ఒక శనివారం కూలి బల్ల మీద కొత్త పెన్నీలు తళతళలాడాయి. దొర మొహం అదే. "తీసుకుని కదలండి," అన్నాడు గుమాస్తా. కెజియా వేళ్లు అలవాటుగా పెన్నీని తిప్పాయి. పెదవులు వాటంతటవే కదిలాయి.

"ఒసే, ఇది లండన్‌లో చెల్లునట!"

"లండనా! రెండు వందల మైళ్లు!"

వరసలో ఆడవాళ్లందరూ అంచులు తిప్పారు. తేనెటీగల్లా గొణిగారు. పెన్నీలన్నీ మళ్లీ బల్ల మీద పడ్డాయి.

"మీకు చదువెక్కడిదే?" గుమాస్తా నోరు తెరిచాడు.

"జోళ్లు కుట్టించుకున్నాం బాబూ! లండన్ నువ్వెళ్లిరా, మేమిక్కడే కూర్చుంటాం."

కదుళ్లు ఆగిపోయాయి. పొద్దు వాలేలోపు కూలి కింద వెండి షిల్లింగులు బయటికొచ్చాయి.

కెజియా ఇంటికొచ్చేసరికి ఒబదయా వార్తాపత్రిక పేజీలు గుర్రపు పరుగులో చదివేస్తున్నాడు. ఆమెను చూసి దాన్ని తోలు కింద దోపబోయాడు.

"మూడేళ్లూ చదువు రానట్టు నటించావా, దొంగ మొహమా!"

"చదువు చెబుతా రండి అంటే మీరొచ్చేవాళ్లా? గంజి మాడిపోతోందనేవాళ్లు."

కెజియా పత్రిక లాక్కుని, అతన్ని పక్కకు నెట్టి కూర్చుంది.

"ఈ పెద్ద అక్షరాలు నేను చదువుతా. నువ్వెళ్లి గంజి కలుపు."