రేడియో మోగే ఇల్లు

నా చిన్నప్పుడు మేము నాచారంలో, ఫ్యాక్టరీల వెనక వరుస ఇళ్లలో ఉండేవాళ్లం. మాకూ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. ఆ ఇంట్లో ఒక కంపెనీ ఉద్యోగి, ఆయన భార్య ఉండేవారు. ఆయన చాలా నెమ్మదస్తుడని పేరు. శనివారం గుడి నుంచి వస్తూ పిల్లలందరికీ కొబ్బరి ముక్కలు పంచేవాడు. డ్యూటీ దిగి వచ్చాక కొన్ని మధ్యాహ్నాలు రేడియో పెద్దగా పెట్టేవాడు. నేను గోడకు ఆనుకుని కూర్చుని ఆ పాటలన్నీ పాడుకునేదాన్ని.

అలాంటప్పుడు బియ్యం ఏరుతున్న మా నాయనమ్మ చెయ్యి ఆగిపోయేది. పక్కింటి అక్క నడి ఎండాకాలంలో కూడా చెవుల మీదుగా కొంగు కప్పుకుని బోరింగు దగ్గరికి వచ్చేది. అడిగితే, "బాత్‌రూంల జారి పడ్డ అవ్వా" అనేది. నాయనమ్మ ఇంకేమీ అడిగేది కాదు.

ఒకరోజు రేడియో మోగుతుండగా అవతలి నుంచి గోడకు ఏదో బలంగా తగిలింది. ఆనుకున్న నా వీపు అదిరింది. నాయనమ్మ చేట కింద పెట్టి, నన్ను ఒంటరిగా వదల్లేక చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, వాళ్ల తలుపు బాదింది. చాలాసేపటికి ఆయన తలుపు తీశాడు. ముఖం మీద ఎప్పటి నవ్వే ఉంది.

"ఏందవ్వా, పాటలు గట్టిగొస్తున్నయా?"

ఆయన వెనక అక్క నేల మీద పడి ఉంది. అరుపు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎవ్వరికి ఇనరాదనుకున్నవా? పాటలు వెట్టి దేవుని చెవులు గూడ మూస్తవా?" అంది నాయనమ్మ.

"ఇది మా ఇంటి సంగతి. మీరు పోండ్రి." ఆయన గొంతు రవ్వంత కూడా పెరగలేదు.

నాయనమ్మ ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్లింది. "లే బిడ్డా" అంది.

ముగ్గురం ఉప్పల్ చౌరస్తా దాకా నడిచాం. తెలిసినవాళ్లకు నమస్కారాలు పెడుతూ, నవ్వుతూ ఆయన మా వెనకే వచ్చాడు. మేడిపల్లి బస్సు కదిలేదాకా కిటికీ పక్కన నిలబడి అక్కనే చూశాడు. నేను నాయనమ్మ ఒళ్లో ముఖం దాచుకున్నాను.

మేడిపల్లిలో అక్కను వాళ్లమ్మకు అప్పగించి తిరిగొస్తుంటే అడిగాను, దేవుడు ఇన్నాళ్లూ చూస్తూ ఎందుకు ఊరుకున్నాడని. నాయనమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది.

"ఆయన ఊకోలేదు బిడ్డా. దినాం నా చెవుల ఏస్తనే ఉన్నడు. నేనే భయపడి కూసున్న."

అక్క మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదు. కుట్టుపని నేర్చుకుని తల్లి దగ్గరే బతికింది. ఆమె భర్త నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చేశాడు. ఎక్కడికి వెళ్లాడో ఎవరికీ తెలియదు. అక్కడ ఆయన పక్కింట్లో ఎవరున్నారో అని నాయనమ్మ చాలా రోజులు తనలో తనే అనుకునేది.

నేనిప్పుడు ఆమె వయసుకు వచ్చాను. దేవుడు అన్నీ చూస్తాడని నమ్ముతాను. కానీ ఆ నమ్మకం నన్ను నిమ్మళంగా కూర్చోనివ్వదు. ఎవరి బాధైనా నా కంట పడిందంటే ఆయనే చూపించాడనీ, ఇక నాకు తెలియదని చెప్పే వీల్లేదనీ అనిపిస్తుంది. నాకూ భయం వేస్తుంది. అయినా లేచి చెప్పులు తొడుక్కుంటాను.