మామ రాయని అక్షరాలు

నాలుగేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మోశానన్న మాటే గానీ చెమటేమీ పట్టలేదు. మూడు పూటలా తిన్నాను, హాయిగా నిద్రపోయాను. అదే ఎక్కువ సిగ్గు. మీకు ఆయన తెలియదు కనుక మీకు చెబుతున్నాను.

నాది హైదరాబాద్ దబీర్‌పురాలో ఫ్లెక్సీలు డిజైన్ చేసే పని. నర్సింగ్ మామ మా గల్లీలో బోర్డులు రాసే పెయింటర్. చుట్టం కాదు, అందరికీ మామే. ఆయన అక్షరాలు కుడివైపుకు కాస్త వాలి ఉండేవి, ఎదురుగాలిలో నడుస్తున్నట్టు. తలకట్టు చివర బ్రష్‌ను చిన్నగా విదిలించేవాడు. నేర్చుకుంటానంటే, నాకోసం చార్టుల మీద అఆల నుంచి గుణింతాల దాకా రాసిచ్చాడు. నేను నేర్చుకోలేదు. స్కాన్ చేసి, ఏ మాట టైప్ చేసినా ఆయన చేతిరాతలోనే వచ్చేలా కంప్యూటర్‌లో ఫాంటు చేశాను. దానికి నా పేరే పెట్టుకున్నాను. నా వినయం అలాంటిది.

పెద్ద సైజులో అది పెళ్లికళగా ఉంటుంది. చిన్నగా వేస్తే వంపులన్నీ ముద్దయిపోతాయి. శుభలేఖల్లో పేర్లకు, బోనాల ఫ్లెక్సీలకు, మిఠాయి దుకాణాలకు అందరూ అదే అడిగారు.

ఒక మధ్యాహ్నం మామ మా దుకాణానికి వచ్చాడు. ధూల్‌పేట్‌లో గణపతి బొమ్మల షెడ్డు మీద బోర్డు చూశాడట.

"గది నా చెయ్యే బిడ్డా. గాని రాసినట్టు యాదికొస్తలేదు. ఏంది గిట్ల?"

దుకాణంలో నలుగురున్నారు. నిజం నాలుక దాకా వచ్చింది. దానికంటే ముందు జోకు వచ్చేసింది.

"మీరే రాసిన్రు మామా. వయసైంది గదా, బాదాంలు తినున్రి."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

ఆ తర్వాత ఊరంతా ఆయన మరిచిపోయిన బోర్డులే. ఏ సందులోకి వెళ్లినా ఒకటి. మతి పోయినవాడు నిచ్చెన ఎక్కకూడదని తనకు తానే చెప్పుకుని బ్రష్‌లు ఎవరికో ఇచ్చేసి, సైదాబాద్‌లో కూతురింటికి వెళ్లిపోయాడు.

ఎందుకు చెప్పలేదు? నవ్వు చెడుతుందనా, ఫాంటుకున్న పేరు పోతుందనా, చార్టులేం చేసినవురా అని అడిగితే ఆ ముఖం చూడలేననా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా నా పరువు కాస్త మిగిలే జవాబే వచ్చింది.

పోయిన నెల ఆయన కూతురు ఫోన్ చేసింది. నాయన తికమక పడకుండా ఇంట్లో తలుపుల మీద గదుల పేర్లు అంటించాలి, ఆయన అక్షరాల్లోనే కావాలి, పాత బోర్డుల్లో ఎక్కడైనా దొరుకుతాయా అని అడిగింది. దొరుకుతాయన్నాను. వంటగది. బాత్‌రూం. దేవుడి గది. ఆ ఫాంటులోనే ప్రింటు తీసి, నేనే వెళ్లి అంటించాను. మామ ఒక్కో తలుపు దగ్గర ఆగి, అక్షరాల మీద వేలు ఆడించాడు. ఇవి కూడా నేనే రాసిన్నా అన్నట్టు నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఈసారి జోకు కూడా లేదు.

ఆ ఇంట్లో వంటగది ఎటుందో ఆయనకు బాగా తెలుసు. ఆయన ఒక్క బోర్డూ మరిచిపోలేదు. అవి రాసింది ఆయన కాదు.

ఈ మాట మొదటిసారి కాగితం మీద పెట్టాను. ఛాతీలో కొంచెం చోటు దొరికింది. అది నాకు దొరికింది. మామకు కాదు.