వెనక రాత అనే గడి

మా అక్క భాగ్యశ్రీ ఆ శనివారం సాయంత్రం గ్రంథాలయంలో చేసిన చివరి పని కీబోర్డు మీద తువ్వాలు కప్పడం. రెండేళ్ళుగా రోజూ చేసేదే. నయాపూల్ వెనక సందులో ఎన్ని కిటికీలు మూసినా దుమ్ము ఆగదు. తరువాత టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, దారిలో మాదన్నపేట మార్కెట్టులో ఆగింది. కూరగాయలమ్మే సక్కుబాయి దగ్గర రెండు కట్టల తోటకూర తీసుకుని, "సోమారం పొద్దుగాల రా, మీ బాపు కాయితం తీసిస్త" అని మాటిచ్చింది. ఆదివారం ఉదయం నీళ్ళ డ్రమ్ము నింపుతూ పడిపోయింది. ఆస్పత్రికి చేరేలోపే పోయింది. యాభై ఎనిమిదేళ్ళు.

మాది బహదూర్‌పురాలో పాల వ్యాపారం చేసుకున్న ఇల్లు. ఏడో తరగతితో అక్క చదువు ఆగింది, పొద్దున పాలు పోసి రావడానికి ఒక మనిషి కావలసి వచ్చింది కాబట్టి. నా చదువు ఆగలేదు. నేను తెలుగు లెక్చరర్‌నయ్యాను. పెళ్ళయిన ఆరేళ్ళకే భర్త పోయి అక్క తిరిగి వస్తే, నేను కమిటీ సభ్యుడిగా ఉన్న ఈ చిన్న గ్రంథాలయంలో ఊడ్చే పనికి పెట్టించాను. ఊడుస్తూనే ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో నేర్చుకుంది. యాభై దాటాక తెలుగు టైపు నేర్చుకుంది, రెండు వేళ్ళతో. చూడటానికి కోడి గింజలు ఏరుకుంటున్నట్టు ఉండేది. ఆ మాట అంటే, "కోడి కడుపు నిండుతదా లేదా, అది చూడు" అనేది.

అప్పుడే సామ్యూల్ గారి ట్రంకుపెట్టెలు వచ్చాయి. ఆయన కోర్టు గోడ పక్కన చిన్న బల్ల వేసుకుని నలభై ఏళ్ళు జనానికి అర్జీలు రాసిపెట్టిన మనిషి. రాసిన ప్రతి అర్జీకీ వేలిముద్ర వేయించిన నకలు ఒకటి దాచుకున్నాడు. ఆయన పోయిన చాలా ఏళ్ళకు మనవలు ఆ నాలుగు పెట్టెలూ మాకిచ్చారు. ఆరువేల పైచిలుకు కాగితాలు. ముందువైపు అన్నీ ఒక్కలాగే మొదలవుతాయి, అయ్యా నేను బీదవాడిని అని. తేడా అంతా వెనకవైపు ఉండేది. అక్కడ ఆయన పెన్సిలుతో ఎవరి కాగితమో, తోడు ఎవరు వచ్చారో, సంగతేమిటో ఒక్క ముక్కలో రాసుకునేవాడు. నకలు కోసం మళ్ళీ వచ్చేవాళ్ళకు చదువు లేదు. ఏ సంవత్సరమో చెప్పలేరు, ఏ ఆఫీసుకు రాయించుకున్నారో తెలియదు. "చిన్నకోడల్ని తీస్కొని వచ్చిన సారూ, బర్రె లొల్లి గురించి" అంటారు. ఆయన కట్టలు తిరగేసి వెనక రాత చూసి తీసిచ్చేవాడు.

ఆ కాగితాలను స్కాన్ చేసి పట్టికలోకి ఎక్కించే పని అక్కకు ఇచ్చాం. పట్టికలో తనంతట తానే ఒక గడి పెట్టుకుని దానికి 'వెనక రాత' అని పేరు పెట్టింది. 'పురానాపూల్ మల్లమ్మ. తోడు చిన్నకోడలు. బర్రె తప్పిపోయిన సంగతి.' ఇలా ఆరువేలకూ కొట్టింది. ఆ మాట బయటికి పాకి జనం రావడం మొదలుపెట్టారు. భాగ్యక్క మిషన్‌ల మా తాత దొరికిండని ఒకాయన మిఠాయి డబ్బా తెచ్చాడు.

ఇంతలో పది గ్రంథాలయాల కాగితాలను ఒకేచోట చూపించే పెద్ద డిజిటల్ లైబ్రరీ ఒకటి మమ్మల్ని చేర్చుకుంది. అందరి పట్టికలూ ఒకే నమూనాలో ఉండాలన్నారు. ఇంగ్లీషులో పదహారు పేజీల నియమాలు పంపారు. వాటికి మా పట్టికను సరిపెట్టే బాధ్యత కమిటీ నాకిచ్చింది. మొదటి పేజీల్లోనే నమూనా ఉంది: శీర్షిక, రచయిత, తేదీ, స్థలం, విషయం, భాష. రెండు రోజులు కూర్చుని అంతా సాఫీ చేశాను. ఒకే రకం కాగితాలు కనుక అన్నింటి శీర్షికా 'అర్జీ'. రచయిత సామ్యూల్. స్థలం హైదరాబాద్. పట్టిక దువ్విన తలలా కనిపించి నాకు తృప్తిగా ఉంది.

అక్క వెనక నిలబడి చూసింది.

"ఏంది తమ్మీ, అందరికి ఒక్కటే పేరు పెడుతున్నవ్? పాల ప్యాకెట్లా ఇవి?"

"పేరు కాదక్కా, శీర్షిక. ఒక పద్ధతి ఉండాలె గదా."

"సరే, రాసింది సామ్యూల్ సారు. మరి ఏడ్సుకుంట వచ్చి చెప్పినోళ్ళు ఎటు పోవాలె?"

"రచయిత అంటే రాసినోడే."

"అబ్బ, లెక్చరర్ సాబ్! వాళ్ళు చెప్తెనే గదా ఆయన రాసింది. నా గడి ఉంచుతవా, తీస్తవా?"

"వాళ్ళ నమూనాల లేదు. ఎక్కువ గడి పెడితే తీసుకోరు."

"తీసుకోం అని రాసిండ్రా?"

"రాసిండ్రు."

"ఇంగ్లీషులనా?"

"ఇంగ్లీషులనే."

"నువ్వు సదివినవ్ గదా. అయితే సరే తీ" అంది.

శుక్రవారం సాయంత్రం అక్క వెళ్ళాక ఆ గడి తీసేశాను. రెండు రకాల పట్టికలుంటే గందరగోళమని పాత ఫైళ్ళు కూడా చెరిపేశాను. మరునాడు, ఆ ఆఖరి శనివారం పొద్దున, ఫోన్ చేసింది.

"తీసేసినవా?"

"తీసేసిన."

"సక్కుబాయి కాయితం చూసుకున్నంక తీసేస్తే ఏమాయె?" అని, మళ్ళీ తనే, "పోనీ తియ్, ఫికర్ లేదు. ఏ కట్టల ఉన్నదో నాకు యాదికున్నది. సోమారం ఇప్పి చూస్త" అంది.

ఏ కట్టో నేను అడగలేదు.

పదకొండో రోజు అయ్యాక గ్రంథాలయానికి వెళితే సక్కుబాయి మెట్ల మీద కూర్చుని ఉంది. మార్కెట్టులో కొత్త రేకుల షెడ్డు వేశారు. పాతకాలం నుంచి కూర్చుంటున్న కుటుంబాలకే లోపల జాగా ఇస్తామని అక్కడి సంఘం వాళ్ళు తేల్చారట. నెలాఖరులోగా ఏదో ఒక కాగితం చూపించాలి. సక్కుబాయి నాన్న యాదయ్య, తన జాగా తీసెయ్యొద్దని ఒకప్పుడు సామ్యూల్ గారితో అర్జీ రాయించుకున్నాడు.

"ఏ సంవత్సరమమ్మా?"

"నేను సంకల ఉన్ననట సారు. చాయ్ హోటల్ కరీం భాయ్ తోడు పోయిండట. భాగ్యక్కకు గింతే చెప్పిన, ఉన్నది అన్నది."

యాదయ్య అని కొట్టాను. ఏమీ లేదు. కరీం అని కొట్టాను. మాదన్నపేట అని కొట్టాను. అర్జీ, సామ్యూల్, హైదరాబాద్. అర్జీ, సామ్యూల్, హైదరాబాద్. కిందికి జరిపేకొద్దీ అదే వరస.

పెట్టెలు దింపి కట్టలు విప్పడం మొదలుపెట్టాను. స్కానింగు కోసం విప్పి కట్టినప్పుడు వరస కలిసిపోయింది. అక్క తలలో ఉన్న వరస ఇంకెక్కడా లేదు. ఒక్కో కాగితం తిప్పి చూడాలి. పెన్సిలు రాత మాసిపోయింది, స్కానులో అసలు పడలేదు, వెలుతురుకు పట్టుకుంటే గాని అక్షరాలు తేలవు. మల్లమ్మలు, నర్సింలు, ఫాతిమాలు, వాళ్ళ వెంట వచ్చిన బావలు, కోడళ్ళు, పక్కింటివాళ్ళు. వీళ్ళందరినీ మా అక్క రెండు వేళ్ళతో ఒక్కొక్కరిగా లోపలికి తెచ్చింది. నేను ఒక్క సాయంత్రంలో బయటికి పంపాను. సక్కుబాయి రెండు రోజులకోసారి వచ్చి గుమ్మంలోంచి నా మొహం చూసి, అడక్కుండానే వెళ్ళిపోయేది.

నెలాఖరు దాటిన ఆరో రోజున దొరికింది. 'మాదన్నపేట యాదయ్య. తోడు హోటల్ కరీం. కూచునే జాగ సంగతి.' మూడో పెట్టె, అడుగు కట్ట. మార్కెట్టుకు తీసుకెళ్ళాను. సక్కుబాయి షెడ్డు బయట, ఎండలో, గోనెపట్టా మీద ఉంది. లోపలి జాగా అప్పటికే వేరేవాళ్ళకు రాసేశారు. కాగితం అందుకుని కింద ఉన్న వేలిముద్ర మీద వేలు ఆనించింది.

"ఇది మా బాపు ఏలేనా సారు?"

"అవునమ్మా."

"భాగ్యక్క ఉంటే పది నిమిషాల పని" అంది. నన్ను తిట్టడానికి అన్న మాట కాదు. మడిచి బొడ్లో పెట్టుకుని, ఎవరో టమాట ధర అడిగితే అటు తిరిగింది.

అక్క పనిలోకి ఈమధ్య స్రవ్య అనే అమ్మాయిని తీసుకున్నాం. పని మొదలుపెట్టేముందు ఆ పదహారు పేజీలూ ఇంటికి తీసుకెళ్ళి చదువుకొచ్చింది. నిన్న అడిగింది, "సార్, పద్నాలుగో పేజీల ఉన్నది గదా, ఏ లైబ్రరీ అయినా తమకు కావలసిన గడులు రెండు చేర్చుకోవచ్చని. మనం ఒక్కటి గూడ ఎందుకు పెట్టుకోలే?"